కింది వరస నుంచి చూడాల్సిన బొమ్మ

నా భార్య ఫోను చెవికి ఆనించి పట్టుకునేది. అది వీడియో కాల్, మొహం ముందు పెట్టుకోవాలి అని ఎవరెంత చెప్పినా అంతే. లాక్‌డౌన్ పెట్టిన మొదటి నెలంతా నేను సూరత్‌లో మా గదిలో కూర్చుని ఆమె కుడి చెవిని చూశాను. కమ్మ, కమ్మ వెనక నెరిసిన వెంట్రుకలు, అప్పుడప్పుడు వాళ్ల అక్క ఇంటి గోడ. ఆ చెవికి ఏమీ వినపడదు. ఎడమ చెవికీ వినపడదు. ముప్పై ఏళ్లు మరమగ్గాల పక్కన కూర్చుని కండెలు చుట్టింది. మేము వాటిని సాంచాలు అంటాం. సాంచాల చప్పుడు తినేసిన చెవులవి. అయినా ఫోను అంటే చెవికే పెట్టాలని ఆమె లెక్క.

“నేను మంచిగనే ఉన్న. నువ్వు తిన్నవా? సరే, పెడ్తున్న,” అని గట్టిగా అరిచి తనే పెట్టేసేది. నేను తిన్నానో లేదో చెప్పే సందు ఉండేది కాదు.

ఆమె ఊరికి పోయింది పది రోజులకని. కరీంనగర్ దిక్కు పల్లెలో ఉండే వాళ్ల అక్కకు కంటి ఆపరేషన్ అయింది, వండిపెట్టే మనిషి లేదు. ఎండలు మొదలయ్యే రోజుల్లో నేనే రైలెక్కించాను. తర్వాత రైళ్లు ఆగాయి, సాంచాలు ఆగాయి, రింగ్ రోడ్డు చీరల మార్కెట్లకు తాళాలు పడ్డాయి. మా కొడుకు హజీరాలో ఒక కంపెనీలో పని చేస్తాడు, వాళ్లను లోపలే ఉంచేశారు. ఇంట్లో నేను, మా కోడలు మిగిలాం. మా బస్తీలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరగను. మనుషులు మాత్రం పాత అలవాటు కొద్దీ అరుచుకుంటూనే ఉన్నారు.

ఉత్తరం రాద్దామంటే ఆమెకు అక్షరం ముక్క రాదు. నాకు వచ్చు, అది కూడా యాభై నాలుగేళ్లు నిండాక వచ్చింది. ఎవరి కోసం వాడాలో ఆమె దగ్గరే వాడలేని చదువు. ఎదురుగా ఉంటే నా పెదాలు చూసి సగం, మొహం చూసి సగం అర్థం చేసుకునేది. ఇప్పుడు ఎదురుగా లేదు. చెవి లేదు, అక్షరం లేదు, ఇక మిగిలింది కన్ను. కంటికి పంపాలంటే బొమ్మ పంపాలి. నాకేమో బొమ్మ గీయడం రాదు.

రాదు అంటే జనం నమ్మరు. “చీరల మీద అన్ని నెమళ్లు నేయించినవు, గీయరాదంటవేంది?” అంటారు. నా పని వేరు. చీర అంచు మీద పువ్వు రావాలంటే ముందు నక్ష గీసేవాడు ఒకడుంటాడు. వాడు గళ్ల కాగితం మీద గడి గడి రంగు నింపి పువ్వు గీస్తాడు. ఆ కాగితం నా దగ్గరికి వస్తుంది. నేను ఒక్కో వరసకు ఒక్కో అట్ట తీసుకుని, నిండిన గడికి బెజ్జం కొడతాను, ఖాళీ గడిని వదిలేస్తాను. ఆ అట్టలు దండలా కుట్టి సాంచా మీదికి ఎక్కిస్తే, బెజ్జాలను బట్టి దారాలు లేచి పువ్వు పడుతుంది. బట్ట కింది నుంచి పైకి పెరుగుతుంది కాబట్టి కాగితాన్నీ కింది వరస నుంచే చదవాలి. నెమలి అయితే ముందు గోళ్లు వస్తాయి, తర్వాత కాళ్లు, రెండు రోజులకు గానీ తల రాదు. ఇరవై ఆరేళ్లు నేను లోకాన్ని కాళ్ల నుంచి చూశాను. గీసింది మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లే.

బొమ్మలంటే పిచ్చి ఈ పనిలోనే పట్టింది. ఊరి నుంచి ఎవరైనా వస్తే పచ్చడి సీసాలు తెచ్చేవాళ్లు. ఆ సీసాలకు చుట్టిన కాగితాలు తెలుగు వారపత్రికలవి. నూనె మరకల మధ్య కథలకు వేసిన బొమ్మలుండేవి. రెండు మూడు గీతల్లో ఒక మనిషి, కిటికీ దగ్గర ఒక పిల్ల, బస్సు ఆగని చోట ఒక ముసలాయన. నేను ఆ పేజీలను ఎండలో ఆరబెట్టి, నలిగిన అంచులు కత్తిరించి, రేకు పెట్టెలో దాచేవాణ్ణి. పక్కన ఉన్న అక్షరాలు నాకు చీమల బారు. బొమ్మ ఒక్కటే నాతో మాట్లాడేది.

వారానికి ఒకరోజు మా కార్ఖానాకు కరెంటు ఉండేది కాదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టె తీసేవాణ్ణి. నా భార్య పక్కన కూర్చునేది. అప్పటికింకా దగ్గరగా చెబితే వినపడేది. నేను ఒక కాగితం తీసి, కింద వేలు పెట్టి మొదలుపెట్టేవాణ్ణి.

“ఈయన కాళ్లకు బురద ఉన్నది. చాన దూరం నుంచి వచ్చిండు. పంచె ఎగ్గట్టిండు, అంటే వాగు దాటిండు. చేతుల సంచి ఉన్నది...”

“మల్ల?” అనేది ఆమె, తర్వాతేమైందని.

“సంచిల బెల్లం ఉన్నది.”

“బెల్లం అని నీకెవలు చెప్పిండ్రు?”

“చీమలున్నయి సూడు, సంచి పక్కన.”

“అవి చీమలు గావయ్య, పచ్చడి మరకలు. మల్ల?”

ఆ ‘మల్ల’ కోసమే నేను కథలు అల్లేవాణ్ణని ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. మూతి ముందుకు పెట్టి, నా నోటి వైపు చూస్తూ అడిగేది. పని గురించి, తిండి గురించి తప్ప మేము వేరే ఏమీ మాట్లాడుకున్నది లేదు. మా ఇద్దరి మధ్య అసలు మాటలన్నీ ఆ బొమ్మల్లో మనుషులే మాట్లాడారు.

అందులో ఒక బొమ్మ మీద మాత్రం మాకు ఏళ్ల తరబడి కొట్లాట. గడపలో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చేతిలో చిన్న పెట్టె. మొహం పక్కకు తిరిగి ఉంటుంది.

“పోతాంది,” అనేవాణ్ణి నేను.

“వస్తాంది,” అనేది ఆమె.

“పెట్టె పట్టుకుని ఎవలన్న వస్తరా?”

“పట్టుకపోయినామె పట్టుకునే వస్తది. ఏడ పడేస్తది?”

ఆ కొట్లాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆలస్యంగా అర్థమైంది. పెళ్లయిన మూడో ఏడు ఆమె నా మీద అలిగి తల్లిగారింటికి పోయింది. తప్పు నాదే. నాలుగు నెలలు రాలేదు. నేను పిలవడానికి పోలేదు. ఒక పొద్దున లేచేసరికి గడపలో నిలబడి ఉంది. వచ్చినవా అని అడగలేదు నేను. “చాయ పెట్టు,” అన్నాను. ఆమె పెట్టె గోడకు ఆనించి పొయ్యి దగ్గరికి పోయింది. దాని గురించి మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

తర్వాత కంప్యూటర్ నక్షలు వచ్చాయి, అట్టల పని పోయింది. ఖాళీగా ఉన్న నన్ను మా బస్తీలో పిల్లలకు తెలుగు చెప్పే పంతులు పట్టుకున్నాడు. మొదటి రోజు వాచకం తెరిచి నేను ఆఖరి వరస మీద వేలు పెట్టాను. పంతులు నవ్వాడు.

“మెట్లెక్కుతున్నవా ఏంది కాకా? పైనుంచి దిగు.”

దిగడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అక్షరాలు కూడబలుక్కోవడానికి ఇంకో ఏడాది. వచ్చాక నేను చేసిన మొదటి పని రేకు పెట్టె తెరవడం. గడపలో మనిషి బొమ్మ పక్కన, వెనకవైపు, కథ దాదాపు అంతా ఉంది. నాలుగు రోజులు కుస్తీ పట్టి చదివాను. కథలో ఆమె ఇల్లు వదిలి పోతుంది. తిరిగి రాదు. రచయిత ఖాయంగా రాశాడు.

నేను గెలిచానన్న సంబరంతో ఆమె చెవి దగ్గరికి పోయి అరిచాను. “చదివిన. ఆమె పోయింది. మల్ల రాలే. గిండ్ల రాసి ఉన్నది.”

ఆమె కాగితం వైపు చూసింది. నా వైపు చూడలేదు. “అట్లనా,” అంది. కండెల దగ్గరికి పోయి కూర్చుంది.

తర్వాతి వారం నేను కొత్త కాగితం తీసి కింద వేలు పెడితే, “చదువు నీకు వచ్చె గద. నువ్వే చదువుకో,” అంది. కోపంగా కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఆమె నన్ను ‘మల్ల’ అని అడగలేదు. పన్నెండేళ్లు. తర్వాత్తర్వాత ఆమె చెవులు పూర్తిగా పోయాయి, వినపడక అడగడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఇవన్నీ లాక్‌డౌన్‌లో ఖాళీ గదిలో నా మీద పడ్డాయి. ఆమె పక్కన ఉన్నప్పుడు పన్నెండేళ్లు ఊరుకున్నవాణ్ణి, ఆమె చెవి ఒక్కటే కనపడే సరికి ఆగలేకపోయాను. ఒక్కసారి ఆమె మళ్లీ ‘మల్ల’ అనాలి. నాకు కావలసింది అంతే.

మా కోడలు సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. గుజరాతీలో చదువుకుంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. మార్కెట్‌లో చీరల కేటలాగులు చేసే పని ఆమెది. చీర ఫొటోకు మెరుగులు పెట్టి వ్యాపారుల ఫోన్లకు పంపాలి. మార్కెట్ మూతపడి ఆమె కూడా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. నేను పెట్టె తెచ్చి ముందు పెట్టాను.

“ఈ బొమ్మలన్నీ ఫోన్ల ఎక్కించు. మీ అత్త సూడాలె.”

ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసింది. “బహుత్ మస్తున్నయి మామా. కానీ ఇవి ఎవరో గీసినవి. పూఛ్కే పెట్టాలె. అడగకుండ పెట్టొద్దు.”

“వాళ్లేడున్నరో నాకేం తెలుసు?”

“అయితే మీరు గీయుండ్రి.”

“నాకు రాదు.”

“మార్కెట్ బంద్, సాంచాలు బంద్. మీకు ఇంకేం కామ్ ఉన్నది?”

మా ఇంట్లో పాత గళ్ల కాగితాలు కట్టలు కట్టలు ఉన్నాయి. ఒకటి పరిచి, పెన్సిల్ తీసుకుని, కింది వరస నుంచి గడులు నింపడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లు ఎవరో నింపిన గడులకు బెజ్జాలు కొట్టిన చేయి. నాలుగు రోజులకు కాగితం మీద మా ఇంటి నీళ్ల నల్లా వచ్చింది. కింద బిందె, బిందె మీద ధార, పైన నల్లా. దూరంగా పెట్టి చూస్తే నల్లాలాగే ఉంది. దగ్గర నుంచి చూస్తే చీర అంచు. కోడలు ఫొటో తీసి, “అరె, ఇది చాలు మామా. దీనికో పత్రిక పెడదాం. ఆన్‌లైన్ల. ఎవరికొచ్చింది వాళ్లు గీసి పంపుతరు,” అంది.

నేను రెండు షరతులు పెట్టాను. బొమ్మ కింద ఒక్క అక్షరం ఉండకూడదు. పేజీ తెరవగానే అడుగు నుంచి మొదలు కావాలి, చూసేవాళ్లు వేలితో పైకి జరుపుకుంటూ పోవాలి.

“ఐసా కోయి నహీ దేఖ్తా మామా. జనం పైనుంచి కిందికి చూస్తరు.”

“జనం సంగతి నాకెందుకు? మీ అత్త కింది నుంచి చూస్తది.”

“ఒక్క మనిషి కోసం పత్రికా?”

“ఒక్క మనిషి కోసమే.”

గొణుక్కుంటూ రెండు రోజులు కూర్చుని అలాగే చేసింది. పత్రికకు ‘కింది వరస’ అని పేరు పెట్టాం. అది తెలుగులో రాయడం ఆమెకు రాదు, నేను కాగితం మీద రాసిస్తే ఫొటో తీసి పెట్టింది. పత్రిక మొత్తంలో అక్షరాలు అవే.

ఒక్క మనిషి కోసం పెట్టినదానికి వేరేవాళ్లు కూడా వచ్చారు. సూరత్ అవతల కిమ్ అనే ఊరి దగ్గర ఉండే పాత నక్షల మేస్త్రీ, నాకు ఒకప్పుడు గళ్ల కాగితాలు పంపినవాడే, ఇంటి కప్పు మీద ఆరేసిన మాస్కులు గీసి పంపాడు. హజీరా కంపెనీలో మా కొడుకుతో పనిచేసే ఒకాయన, కంపెనీ బస్సులో సీటు వదిలి సీటు కూర్చున్న మనుషుల వీపులు బాల్‌పెన్నుతో వేశాడు. రెండు వారాలకోసారి కొత్త సంచిక. నేనే ఎంచేవాణ్ణి. బాగాలేనిది బాగాలేదనే చెప్పేవాణ్ణి. మేస్త్రీ పంపిన సూర్యోదయాన్ని తిప్పి పంపితే ఆయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. సూర్యుడు అందరికీ తెలుసు, మాకు మాస్కులు కావాలి అన్నాను.

అక్కడ ఊళ్లో ఆమె చూస్తోందా లేదా అన్నదే నా దిగులు. వాళ్ల అక్క కూతురు ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆ పిల్లకు ఫోన్ చేసి, మీ చిన్నమ్మ ముందు ఈ పత్రిక పెట్టు అన్నాను. నాలుగో సంచికకు ఆ పిల్ల ఒక చిన్న వీడియో పంపింది. నా భార్య పీట మీద కూర్చుని ఉంది. ఫోను ఒళ్లో ఉంది. మొదటిసారి చెవి కాకుండా మొహం కనిపించింది. చిక్కిపోయింది. చూపుడు వేలు బొమ్మ అడుగున పెట్టి, మెల్లగా పైకి జరుపుతోంది. బిందె, ధార, నల్లా. పైదాకా వెళ్లి ఆగింది. ‘మల్ల’ అన్న మాట మాత్రం రాలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో కోడలికి తెలుసు, నేను చెప్పను.

రైళ్లు మొదలయ్యాయి. వస్తావా అని ఆ పిల్లతో అడిగించాను. అక్కకు రెండో కన్ను కూడా చేయాలి, అయినాక వస్తానంది. నేను వస్తానంటే వద్దంది, రైళ్లలో జబ్బు ఉందంది. అట్లా ఏడాది అయింది. రెండోసారి జబ్బు ఇంకా గట్టిగా వచ్చింది. మా బస్తీలో ఆంబులెన్సులు తిరగని రోజు లేదు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది.

“చిన్నాయినా, చిన్నమ్మకు జరమొచ్చింది. టెస్టు చేస్తే అదేనన్నరు. ఎనుక అర్రల పండవెట్టినం. భయపడకు. ఫోన్ ఆమె దగ్గర్నే పెట్టిన. మైకు గుర్తు ఒత్తి మాట్లాడుడు, ఫొటో తీసి పంపుడు కిటికీ కెల్లి చేతులతోని చూపిచ్చిన.”

భయపడకు అంటే భయం పోతుందా. ఆ వెనక గదిలో ఆమె దగ్గరికి పోయి కూర్చునే మనిషి లేడు. నేను పంపగలిగింది బొమ్మ ఒక్కటే. ఏం బొమ్మ పంపాలో నాకు తెలుసు. పెట్టెలో గడప బొమ్మ కోసం వెతికాను. లేదు. మూడుసార్లు పెట్టె బోర్లించాను. ఎప్పుడో ఎలుక కొట్టిందో, నేనే పారేశానో. చేసేది లేక గుర్తున్నంత వరకు గళ్ల కాగితం మీద మొదలుపెట్టాను. గడప, గడప మీద ఒక కాలు, బయట ఒక కాలు, చీర కుచ్చిళ్లు, పెట్టె, పక్కకు తిరిగిన మొహం. ఐదు రోజులు పట్టింది. ఆ సంచికలో ఆ ఒక్క బొమ్మే పెట్టించి, ఆమె దగ్గరున్న ఫోనుకు పంపించాను.

మూడు రోజులు ఏ జవాబూ లేదు. చూసినట్టు గుర్తు మాత్రం పడింది. కోడలు అన్నం పెడుతూ, “అత్తకు ఏం కాదు మామా, చూస్తున్నది గదా,” అనేది. చూడటానికీ బతకడానికీ ఏం సంబంధమో నాకు తెలియదు, అయినా ఆ గుర్తునే పట్టుకుని కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున ఫోనులో ఆమె రికార్డు చేసిన గొంతు వచ్చింది. దగ్గు, ఆయాసం, తర్వాత సాంచాల మధ్య నిలబడి అరిచినట్టే అరుపు.

“చెప్పులు ఏడ వెట్టినవ్?”

నేను, కోడలు మొహాలు చూసుకున్నాం. జ్వరంలో ఏదో మాట్లాడుతోంది అనుకున్నాను. ఇంతలో ఒక ఫొటో వచ్చింది. వణికిన ఫొటో. దుప్పటి మీద ఒక పాత కాగితం, నాలుగు మడతలు, మూలన నూనె మరక. గడప బొమ్మ. పది రోజులకని పోయినామె తన సంచిలో పెట్టుకుని పోయింది.

నేను ఫొటోను పెద్దది చేసి కింది నుంచి చూశాను. ఎన్నేళ్లకో. గడప బయట, బొమ్మకు అట్టడుగున, ఒక జత చెప్పులున్నాయి. రెండే గీతలు, ఇన్నేళ్లూ నేను నేల గీతలనుకున్నవి. వాటి ముక్కులు ఇంటి వైపు ఉన్నాయి. పోయే మనిషి చెప్పులు తొడుక్కుంటుంది. వచ్చిన మనిషి గడప బయట విడుస్తుంది, వచ్చిన దిక్కునే విడుస్తుంది. కథ రాసినవాడు పంపించేశాడు గానీ, బొమ్మ గీసినవాడు ఆమెను లోపలికి తెచ్చాడు. ఆమె అది మొదటి నుంచీ చూసింది. లోకాన్ని కాళ్ల నుంచి చూస్తానని చెప్పుకునే నేను, చదువు వచ్చాక ఆ బొమ్మ వైపు మళ్లీ చూడనే లేదు.

ఇంకో గొంతు వచ్చింది. ఈసారి కొంచెం మెల్లగా.

“ఆమె వచ్చింది. లోపలికొచ్చింది.” దగ్గు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు. “మల్ల?”

జవాబు నోటితో చెబితే ఆమెకు వినపడదు. రాస్తే చదవలేదు. కోడలు ఏమీ అడగకుండా గచ్చు తుడిచి కొత్త గళ్ల కాగితం పరిచింది. పెన్సిల్ చెక్కి పెట్టింది. నేను కింది వరసలో, ఎడమ పక్క నుంచి, ముందు చెప్పులు నింపాను. ముక్కులు లోపలికి. దాని మీది వరసల్లో గడప. దాని మీది వరసల్లో పొయ్యి రావాలి, పొయ్యి దగ్గర ఈసారి కూర్చోవలసింది నేను. చాయ గిన్నె ఎన్ని గడులు పడుతుందో లెక్క తెలియక చాలాసేపు ఆగాను.

ఆమె జ్వరం తగ్గింది. మనిషి ఇంకా రాలేదు, నడిస్తే ఆయాసం వస్తోందట. ఆ బొమ్మ కూడా ఇంకా పూర్తి కాలేదు. రోజుకు రెండు వరసలు నింపి, ఫొటో తీయించి, ఎంత అయితే అంత పంపిస్తున్నాను.